ముందు కూర్చునే చోటు వెతకండి

కుటుంబంతో విదేశీ ప్రయాణం అనగానే మనం మొదట చేసేది జాబితా రాయడం. ఏమేం చూడాలి, ఏది చూడకపోతే తిరిగొచ్చాక నలుగురిలో చిన్నతనం, ఏ టికెట్టు ఎక్కడ చవక. అన్నీ రాస్తాం. ఎక్కడ కూర్చుంటాం అన్నది మాత్రం ఎవరూ రాయరు. ఈ అధ్యాయం దాని గురించే. ఉదాహరణకు సింగపూర్‌లోని మెరీనా బేని తీసుకుంటున్నాను. మన తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన ఊరు. పైగా, ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటిపోయిన నీటి ఒడ్డును మనుషులు చేరబడి కూర్చునే గట్టుగా ఎలా మార్చారో అక్కడ కళ్లారా చూడొచ్చు.

మధ్యాహ్నం రెండు గంటలకు మెర్లయన్ బొమ్మ దగ్గర నిలబడితే మనవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. తండ్రి ఫోన్లో మ్యాపు తిప్పుతుంటాడు. తల్లి భుజం మీద పిల్ల నిద్రపోతుంటుంది. నాయనమ్మ ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీడ కోసం చూస్తుంటుంది.

“ఇంకా ఎంత దూరం రా?”

“ఇదిగో అమ్మా, ఆ కనబడేదే.”

కనబడుతుంది, నిజమే. నీటి ఒడ్డున వచ్చే చిక్కే అది. ఎదురుగా మెరీనా బే శాండ్స్ హోటల్ మూడు బురుజులూ చెయ్యి చాపితే అందేటట్టు ఉంటాయి. నీళ్ల మీద నడిచిపోలేం కాబట్టి చుట్టూ తిరగాలి. బే చుట్టూ ఉన్న బాట మొత్తం 3.5 కిలోమీటర్లు. భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో, ఒళ్లంతా జిగటగా ఉండే ఆ ఉక్కలో, అందులో సగం నడిచినా నాయనమ్మ మర్నాడు హోటల్ గది దాటదు. ఆమెకు తోడుగా ఇంకొకరు ఉండిపోవాలి. అక్కడితో ఆ యాత్ర రెండు ముక్కలు.

అందుకే మొదటి సూత్రం: రోజు పథకం వేసుకునేటప్పుడు మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి ఆగకుండా ఎంతసేపు నడవగలరో ముందు తేల్చుకోండి. పది నిమిషాలా? అయితే పది నిమిషాలకొక కూర్చునే చోటు ఉండాలి. అది దొరకని దారి ఎంత అందమైనదైనా మీది కాదు. ఆ ఊరు కూడా ఈ లెక్కను పట్టించుకుంది. మెర్లయన్ నుంచి ఎస్ప్లనేడ్ నాటకశాల వైపు వెళ్లాలంటే ఒకప్పుడు వాహనాల వంతెన పక్కన ఇరుకు బాట మీదే పోవాలి. పెద్దవాళ్లకు, వీల్‌చైర్ మీద వచ్చేవాళ్లకు అది కష్టంగా ఉందని, పక్కనే నడిచేవాళ్ల కోసం విడిగా ఒక వంతెన ఉండాలని సూచించింది మాజీ ప్రధాని లీ క్వాన్ యూ. వెడల్పుగా, మెట్లు లేకుండా కట్టిన ఆ జూబిలీ వంతెనను 2015 మార్చి 29న తెరిచారు. ఆయన అంత్యక్రియలు జరిగింది కూడా ఆ రోజే. దేశాన్ని కట్టిన పెద్దమనిషి తన తొంభైల ముంగిట ముసలివాళ్ల కాళ్ల గురించి ఆలోచించాడు. సెలవు పెట్టుకుని వెళ్తున్న మనం ఆలోచించలేమా?

రెండోది గడియారం. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఎనిమిదికి పిల్లల్ని టిఫినుకు లేపితే వాళ్ల ఒంటికి అది తెల్లవారుజాము ఐదున్నర. వాళ్లు మారాం చేస్తే తప్పు వాళ్లది కాదు. అదే లెక్క సాయంత్రం మీకు కలిసొస్తుంది. గార్డెన్స్ బై ది బే తోటలో రెండో దీపాల ప్రదర్శన రాత్రి 8:45కి. మన ఒంట్లోని గడియారానికి అప్పుడు ఆరుంబావే. పిల్లలు హుషారుగానే ఉంటారు. ఏడాది పొడుగునా పొద్దు ఏడు గంటల ప్రాంతంలోనే గుంకుతుంది కాబట్టి ఏ నెలలో వెళ్లినా ఈ లెక్క మారదు. ఉదయం పది దాకా గది కదలొద్దు. ఎండ వేళ ఏసీ ఉన్న చోటికి పోండి. అసలు రోజును సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టండి. టూరు కంపెనీ బస్సు ఏడున్నరకే హోటల్ ముందు హారన్ కొడుతుందంటే ఆ ప్యాకేజీ మీ కోసం వేసింది కాదు, బస్సు కోసం వేసింది.

మూడోది, రోజుకు ఒక్క టికెట్టు. మిగతా అంతా గట్టు. ఈ సూత్రం చెప్పగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. ‘ఇంత డబ్బు పోసి వెళ్లి గట్టున కూర్చోవడమా?’ అవును, కూర్చోవడమే. మెరీనా బేలో డబ్బు పెట్టి చూసేవాటికన్నా ఊరికే చూసేవే బాగుంటాయని నా అభిప్రాయం. గార్డెన్స్ బయటి తోటలకు టికెట్టు లేదు. ఎస్ప్లనేడ్ మేడ మీది తోటకు లేదు, అక్కడ తరచుగా జరిగే ఉచిత కచేరీలకూ లేదు. శాండ్స్ ముందు నీళ్ల మీద రోజూ రాత్రి ఎనిమిదికి, తొమ్మిదికి జరిగే వెలుగుల ఆటకూ లేదు.

టికెట్టు కొనవలసింది దేనికి? ఎండ వేళకు నా ఓటు గార్డెన్స్‌లోని క్లౌడ్ ఫారెస్ట్‌కు. అది అద్దాల గుడారం లాంటి కట్టడం. 58 మీటర్ల ఎత్తు, లోపల 35 మీటర్ల జలపాతం, కొండ చుట్టూ మబ్బులా పొగమంచు. తలుపు తెరవగానే చల్లటి గాలి ముఖాన కొడుతుంది. పైకి లిఫ్టు ఉంది. పైనుంచి బాట మెల్లగా కిందికి దించుతుంది. మోకాళ్లున్న మనుషుల్ని తలుచుకుని వేసిన దారి. పక్కనే ఉన్న ఫ్లవర్ డోమ్ ఇంకా పెద్దది. రెండింట్లో ఏదో ఒకటి నిదానంగా చూడండి. శాండ్స్ నెత్తిన ఉన్న స్కైపార్క్ చూడాలనిపించడం సహజమే. 340 మీటర్ల పొడవు, అంటే ఈఫిల్ టవర్‌ను పడుకోబెట్టినా దానికన్నా పొడవే. కానీ ఫొటోల్లో కనబడే ఆ ఈతకొలను హోటల్లో దిగినవాళ్లకు మాత్రమే. టికెట్టు కొన్నవాళ్లు చూసేది ఒక చివర ఉన్న చూపు మేడ. ఈ సంగతి పైకి ఎక్కాక తెలిస్తే పిల్లల ముఖాలు చూడలేం. ఎత్తు నుంచి ఊరిని చూపించడమే ముఖ్యమనుకుంటే సింగపూర్ ఫ్లయర్ నయం. 165 మీటర్ల రంగులరాట్నం, ఒక చుట్టుకు అరగంట. 2008లో తెరిచిన కొత్తలో అది ఒక దిక్కుకు తిరిగేది. ఆ దిక్కుకు తిరిగితే ఊరి అదృష్టం బయటికి పోతుందని ఫెంగ్ షూయి పండితులు చెప్పగానే అదే ఏడాది రెండో దిక్కుకు తిప్పారు. వాస్తు కోసం వంటింటి గుమ్మం మార్చినవాళ్లెవరైనా మీతో ఉంటే ఈ కథ వాళ్లకు చెప్పండి, బలే సంతోషిస్తారు.

ఇక ఏ చోట కూర్చోవాలి?

నేనైతే మొదటి సాయంత్రం మెరీనా బేకి కాకుండా దానికి కాస్త ఎగువన, సింగపూర్ నది మీద కావెనా వంతెన దగ్గరికి తీసుకెళ్తాను. 1869 నాటి ఇనుప వంతెన. భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీలు పనిచేసిన చివరి పెద్ద కట్టడాల్లో ఇదొకటని చెబుతారు. ఇప్పుడు నడిచేవాళ్లకు మాత్రమే. చివర ఒక పాత బోర్డు ఉంటుంది: ఫలానా బరువు మించిన బండ్లు, పశువులు, గుర్రాలు రాకూడదని. పిల్లలకు ఆ బోర్డు చూపించి ‘ఆవును ఎందుకు రానివ్వలేదో చెప్పుకోండి’ అని వదిలేయండి. ఓ పావుగంట మీది. వంతెన పక్కనే గట్టు అంచున కంచు పిల్లలు నదిలోకి దూకుతూ కనబడతారు, శిల్పి చాంగ్ ఫా చియాంగ్ చేసిన బొమ్మలు. ఒకప్పుడు ఆ ఊరి పిల్లలు నిజంగానే అలా దూకేవాళ్లు.

ఆ నీళ్లలోనా అని ఇప్పుడు ఆశ్చర్యం వేయదు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి. 1970లలో వేసేది. ఎగువన పందుల కొట్టాలు, బాతుల పెంపకాలు, మురుగు కాలువలు లేని గుడిసెలు, ఒడ్డున తినుబండారాల బండ్లు, నది నిండా సరుకు పడవలు. అందరి చెత్తా, అందరి మురుగూ నదిలోకే. 1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టాడు, ఈ నదిలో మళ్లీ చేపలు తిరగాలని. పందుల కొట్టాలు ఎత్తేశారు. గుడిసెల్లోవాళ్లను ప్రభుత్వ ఫ్లాట్లకు తరలించారు. 1983లో పడవలన్నిటినీ పాసిర్ పంజాంగ్‌కు పంపేశారు. అడుగున పేరుకున్న బురద తోడారు. 1987 నాటికి గడువు తీరింది, పని కూడా తీరింది.

ఇక్కడ కూర్చున్నప్పుడు పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: ‘ఇక్కడున్న వాళ్లంతా ఎక్కడికి పోయి ఉంటారు?’ జవాబు చెప్పొద్దు. పడవ నడిపేవాడికి ఫ్లాటు దొరికింది సరే, పడవ లేని రోజు ఏం చేశాడో వాళ్లనే ఊహించుకోనివ్వండి. మూసీ ఒడ్డున కానీ, మన ఊళ్ల చెరువు గట్ల మీద కానీ ఇల్లు ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అమరావతి తొలి మాస్టర్ ప్లాన్ గీసింది సింగపూర్ సంస్థలే కాబట్టి గుంటూరు, విజయవాడల నుంచి వెళ్లేవాళ్లకు ఆ అద్దాల మేడలను చూడగానే ‘మనకెప్పుడో’ అనిపిస్తుంది. మేడలను కాసేపు పక్కన పెట్టి ఆ మెట్ల వరసను, చెట్ల నీడను, అడుగు తడబడకుండా వేసిన ఆ రాళ్లను చూడమంటాను. డబ్బు పెట్టి మేడ కట్టడం సులువు. నీటి దాకా జనాన్ని నడిపించడానికి పదేళ్లు పట్టింది.

మీరు గమనించే మరో సంగతి, గట్టు మీద మిరపకాయ బజ్జీల బండి ఉండదు. వేరుశనక్కాయల వాడు రాడు. మనకు అది కొంచెం వెలితే. నాకైతే ఒడ్డున నిలబడి ఏదో ఒకటి నమలకపోతే నీళ్లు చూసినట్టే ఉండదు. బండి వ్యాపారులను శుభ్రత పేరుతో కప్పు కింద హాకర్ సెంటర్లలోకి మార్చారు. ఆ హాకర్ సెంటర్ల సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మాంసాహారులకు పండగే. శాకాహారులు మాత్రం జాగ్రత్త: కూరగాయలే కనబడినా అడుగున ఏ రొయ్యల ముద్దో ఉండొచ్చు. దానికి సులువైన దారి ఉంది. లిటిల్ ఇండియా నుంచి బేఫ్రంట్ స్టేషన్‌కు డౌన్‌టౌన్ లైన్ మీద రైలు మారకుండా నాలుగో స్టేషన్. సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల ఆంధ్ర భోజనం దొరుకుతుంది. 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోసె సరేసరి. పెరుగన్నం, పులిహోర కట్టించుకుని వచ్చి గట్టు మీద బెంచీలో తినండి. రైల్లో మాత్రం సంచి విప్పొద్దు. అక్కడ తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా, చంటిపిల్ల చేతిలో జంతిక అని చూసి వదిలేస్తారని నమ్మకం పెట్టుకోకండి.

రెండో సాయంత్రం బే ఒడ్డు. ఎస్ప్లనేడ్ వైపు నుంచి మొదలుపెట్టండి, ఎదురుగా శాండ్స్ కనబడుతుంది. ఇక్కడ కూర్చున్నప్పుడు ఒక ఆట ఆడొచ్చు. ఒక్కో కట్టడాన్ని చూసి ‘ఇది దేనిలా ఉంది?’ అని అడగండి. పిల్లలు నిమిషంలో చెప్పేస్తారు. తర్వాత ‘ఎందుకలా కట్టారు?’ అనండి. అసలు ఆట అక్కడ ఉంది. ఎస్ప్లనేడ్ డురియన్ పండులా ఉంటుంది, ఊళ్లోవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. ఆ ముళ్లు సోకు కోసం పెట్టినవి కావు. గాజు గుమ్మటాన్ని ఆ ఎండలో వట్టిగా వదిలితే లోపల పొయ్యే. అందుకని 7,000కు పైగా అల్యూమినియం రెక్కలు ఎండను ఆపేటట్టు తిప్పి బిగించారు. ఆర్ట్‌సైన్స్ మ్యూజియం తామర పువ్వులా ఉంటుంది. ఆ రేకుల మీద పడ్డ వాన నడిబొడ్డున ఉన్న రంధ్రం లోంచి లోపలి కొలనులోకి జలపాతంలా దిగుతుంది. ఆ నీటిని వాడుకుంటారు. హెలిక్స్ వంతెన డీఎన్ఏ మెలికలా ఉంటుంది, రాత్రి దాని మీద అక్కడక్కడ ఎరుపు, ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతాయి: సి, జి, ఎ, టి. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే అవేమిటో వాళ్లనే చెప్పనివ్వండి. మీకు తెలిసినా తెలియనట్టే ఉండండి.

ఇంకో ప్రశ్న చిన్నపిల్లల కోసం: ‘ఈ నీళ్లు సముద్రమా, నదా?’ ఏదీ కాదు. 2008లో బే నోటికి అడ్డంగా 350 మీటర్ల బరాజ్ కట్టి, తొమ్మిది ఉక్కు తలుపులు పెట్టారు. ఉప్పునీరు లోపలికి రాకుండా ఆపి, వాన నీటితో నింపితే అది మంచినీళ్ల చెరువైంది. దేశంలో ఆరోవంతు నేల మీద పడిన వాన ఇందులోకి వస్తుంది. ఊరి నడిబొడ్డున, అంత ఖరీదైన మేడల కాళ్ల దగ్గర ఉన్నది తాగునీరు! ప్రకాశం బ్యారేజీ ఎరిగిన మనకు తలుపుల సంగతి వివరించక్కర్లేదు. బరాజ్ కప్పు మీద పచ్చిక పెంచారు, సాయంత్రాలు అక్కడ గాలిపటాలు ఎగరేస్తారు. ఎత్తు నుంచి బే మొత్తాన్ని కూర్చుని చూడటానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కాస్త ఎడంగా ఉంటుంది, పెద్దవాళ్లతో అయితే టాక్సీలోనే వెళ్లండి.

మూడో సాయంత్రం గార్డెన్స్‌కు ఇవ్వండి. పదేళ్ల లోపు పిల్లలుంటే ముందుగా చిల్డ్రన్స్ గార్డెన్. ప్రవేశం ఉచితం. నీళ్లు చిమ్మే ఆటస్థలం ఉంది. ఒక జత బట్టలు, తువ్వాలు సంచిలో ఉండాలి. మామూలుగా సోమవారం మూసేస్తారు. చీకటి పడే వేళకు సూపర్‌ట్రీలు నిలబడ్డ తోపులోకి రండి. 25 నుంచి 50 మీటర్ల దాకా ఎత్తున్న ఉక్కు చెట్లు, ఒంటి నిండా తీగలు, మొక్కలు. వాటిలో కొన్ని కింద తోట చెత్తను మండించే యంత్రానికి పొగగొట్టాలు కూడా. అద్దాల తోటలను చల్లబరచడానికి ఆ యంత్రం కూడా తోడ్పడుతుంది. ఇది చెబితే పెద్దవాళ్లు కూడా మెడ ఎత్తి మరోసారి చూస్తారు. 7:45కి, 8:45కి పాటలతో దీపాలు. ఆ వేళకు ఎవరూ నిలబడి ఉండరు, నేల మీద వెల్లకిలా పడుకుంటారు. ఒక దుప్పటి తీసుకెళ్లండి. నాయనమ్మ సిగ్గుపడితే చుట్టూ చూడమనండి, ఆమె వయసువాళ్లు వంద మంది పడుకుని ఉంటారు.

ఒక హెచ్చరిక. 7:45 ప్రదర్శన అవగానే పరుగెత్తితే శాండ్స్ ముందు తొమ్మిది గంటల ఆటకు అందుకోవచ్చని ఎవరో ఒకరు లెక్క చెబుతారు. లెక్క నిజమే. కానీ అందుకోవద్దు. దాన్ని ఇంకో రాత్రికి ఉంచండి, లేదా వదిలేయండి. రెండూ చూసినవాళ్లు చెప్పగలిగేది రెండూ చూశామనే.

వాన గురించి కూడా. ఏ నెలైనా మధ్యాహ్నం ఉరుములతో కురవొచ్చు, చాలాసార్లు గంటలో తెరిపిస్తుంది. గొడుగు కన్నా ఓపిక ఎక్కువ పనికొస్తుంది. వర్షం వస్తే గాజు తోటలోకో, మ్యూజియంలోకో పోండి. మాల్‌లోకి మాత్రం ఆఖరికి పోండి, ఎందుకంటే ఆ గట్టు మీద ప్రతి దారీ చివరికి మిమ్మల్ని ఒక దుకాణంలో దించాలనే చూస్తుంది. ఒకసారి లోపలికి దిగితే సాయంత్రం పోయినట్టే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లేవాళ్లు ఫార్ములా వన్ రాత్రి పందేల తేదీలు చూసుకోండి. ఆ వారం బే చుట్టూ రోడ్లు మూసి, కంచెలు కడతారు. గట్టు కనబడదు, హోటల్ ధర మాత్రం బాగా కనబడుతుంది.

చివరగా, అందరూ అన్నివేళలా కలిసే తిరగాలన్న పట్టు విడవండి. పదహారేళ్ల పిల్లకు నడవాలని ఉంటుంది, డెబ్బై ఏళ్ల తాతకు చూస్తూ కూర్చోవాలని ఉంటుంది. ఒకరి కోసం ఒకరు త్యాగం చేస్తే ఇద్దరూ చిరాకుపడతారు. తాతను, నాయనమ్మను మంచి బెంచీ మీద, దగ్గరలో మరుగుదొడ్డి ఉన్న చోట, మంచినీళ్ల సీసాతో కూర్చోబెట్టండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా కొననక్కర్లేదు. పెద్దపిల్లల్ని వంతెన దాకా వెళ్లి రమ్మనండి. కలుసుకునే చోటు, వేళ ముందే అనుకోండి. ‘ఫౌంటెన్ దగ్గర’ అనొద్దు, అక్కడ అడుగడుగునా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ‘హెలిక్స్ వంతెన దగ్గర’ అంటే మ్యూజియం వైపు చివరా, ఫ్లయర్ వైపు చివరా అన్నది కూడా చెప్పండి. ఆ రెండు చివరలకూ మధ్య 280 మీటర్లు ఉంది, మధ్యలో మీ పిల్లలు సెల్ఫీలు దిగుతూ ఉంటారు.